కుడిపక్క ఉప్పుగుంట

పాపువా న్యూగినీ పోయొచ్చానంటే మాచర్లలో నా మాట నమ్మింది ఇద్దరే. ఒకరు మా అమ్మ, ఇంకొకరు మా పక్కషాపు ఎరువుల కొట్టాయన. ఆయన కూడా పాస్‌పోర్టు మీద ముద్ర చూశాకే నమ్మాడు. నమ్మి, "గినీ అంటే ఆఫ్రికా అయ్యుంటది" అని తేల్చేశాడు. కాదు బాబాయ్, ఆస్ట్రేలియా నెత్తిన ఉంటది అని మా డిపోలో ఒక రాతి మీద సుద్దతో గీసి చూపించా. "అంత దూరం పోయి ఏం తెచ్చావమ్మా?" అన్నాడు. ఒక్క మాట తెచ్చా. దాని కోసమే ఇదంతా రాస్తున్నా.

మాచర్ల

నాది నాపరాళ్ళ డిపో. మా ఆయన పోయాక నేనే చూసుకుంటున్నా. పరుపురాళ్ళు, మెట్లరాళ్ళు, ఒక మూలన పది పన్నెండు రోళ్ళు. మిక్సీలొచ్చాక రోలు కొనేవాళ్ళు తగ్గారు. పెళ్ళివాళ్ళు కొంటారు, రోటిపచ్చడి అని బోర్డు పెట్టిన హోటళ్ళోళ్ళు కొంటారు, అంతే.

పోయిన ఏడు ఎండాకాలం రెంటచింతల నించి ఒక సిస్టరు వచ్చింది. పేరు ఆరోగ్యమ్మ. పద్దెనిమిదేళ్ళుగా పాపువా న్యూగినీలో మిషన్ ఆస్పత్రిలో నర్సంట, సెలవుకొచ్చి తమ్ముడి ఇంటికి రాళ్ళు చూస్తా ఉంది. రోళ్ళ దగ్గర నిలబడిపోయింది.

"అక్కా, మేముండే చోట సముద్రం ఒడ్డున ఒక ఊరుంది. ఆ పక్క అడవిలో రాతిలో తొలిచిన రోలుందంట. ఊళ్ళో వాళ్ళెవురూ రోలు వాడరు. యుద్ధంలో జపానోళ్ళు పట్టుకొచ్చిన ఇండియా సోల్జరు తొలిచాడంట. నన్ను దగ్గరికి పోనివ్వలా. ముసలాయన నేల మీద గీసి చూపిస్తే, అచ్చం మన పచ్చడి రోలు."

నా చేతిలో టేపు అట్టనే ఉండిపోయింది.

మా తాత పిచ్చయ్య, అంటే అమ్మ వాళ్ళ నాయన, రాయి కొట్టే మనిషి. పెళ్ళయిన ఏడాది అమ్మమ్మ కోసం రోలు చేసి పెరట్లో గోడవారన బండలో కూర్చోబెట్టాడు. అది ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. దాని అంచులో కుడిపక్క నిమ్మకాయ పట్టేంత గుంట ఉంటది, ఉప్పు పోసుకోడానికి. తాతది కుడిచేతి వాటం, అమ్మమ్మది ఎడమచేతి వాటం. పచ్చడిబండ ఎడమచేత పట్టి నూరేది, ఉప్పు కుడిచేత్తో తీసి వేసేది. అందుకని గుంట కుడిపక్క పెట్టాడు. వెనక గోడ, కాబట్టి రెండోవైపు కూర్చునే వీల్లేదు. ఆమె తర్వాత ఆ రోటి ముందు కూర్చున్నోళ్ళమంతా కుడిచేతివాళ్ళమే. ప్రతిసారీ బండ కిందపెట్టి ఉప్పు తీయాల, లేకపోతే ఎడమచెయ్యి అడ్డంగా చాపాల. "ఏ మహానుభావుడు చేశాడో దీన్ని" అని తిట్టుకోని రోజు లేదు, చేసింది తాతేనని తెలిసి కూడా.

అమ్మ కడుపులో ఉండగా తాత మిలట్రీలో చేరాడు. సింగపూరు నించి ఒక కార్డు వచ్చింది. తర్వాత సింగపూరు జపానోళ్ళ చేతికి పోయింది, ఇంక కార్డు రాలా. చాన్నాళ్ళకు ఆచూకీ లేదని ఒక కాయితం వచ్చింది. పోయాడనీ లేదు, ఉన్నాడనీ లేదు.

అమ్మమ్మ బొట్టు తీయలా. నాకు పదకొండేళ్ళప్పుడు ఆమె పోతే, శవం దగ్గరే ఆడవాళ్ళు రెండు జట్లయ్యారు. ముత్తైదువగా సాగనంపాలని కొందరు, ముప్పై ఏళ్ళుగా మొగుడి జాడ లేనిదానికి పసుపు కుంకాలేందని కొందరు. మా అమ్మ ఒకటే అడిగింది. "మా నాయన పోగా మీలో ఎవురన్నా చూశారా?" గాజులతోనే పంపింది.

అప్పట్నించి ఆమెకు అదే పుండు. ఏటా పెద్దల అమాస్యకు పోయినోళ్ళందరికీ ఇస్తళ్ళేసి, వండినవన్నీ వడ్డించి, కొత్తబట్టలు పెడతాం. తాతకు మాత్రం పెట్టం. "పోయుంటే ఇన్నేళ్ళూ ఆకలితో ఉంచినదాన్ని. పోకముందే పెడితే కన్నతండ్రికి చేజేతులా పిండం పెట్టినదాన్ని" అంటది. ఉంటే నూరేళ్ళు దాటి ఉంటాయమ్మా, ఇంకేం ఉంటాడు అంటే, "నీకు తెలవదులేవే" అని నోరు మూయించేది. ఆ మొండితనం నాకు ఒళ్ళుమంటగా ఉండేది.

ఇంకోటి చెప్పాల. అమ్మమ్మకు ఒక పిచ్చి ఉండేది. పొద్దున ఏడున్నరకు నాకు బడికి జడ వేస్తా వేస్తా చెయ్యి ఆపేది. "ఎవురే అది, ఉత్త రోలు దంచుతున్నారు?" మా వైపు ఉత్త రోలు దంచకూడదు, ఖాళీ ఉయ్యాల ఊపకూడదు, ఇంటికి అరిష్టం. "రెండు పోట్లు, ఒక నూరుడు. లోపల ఏం లేదే, రాయీ రాయీ కొట్టుకుంటున్నయ్యి" అనేది. సగం జడతో వీధంతా చూసొచ్చేదాన్ని. ఎవురూ దంచేవాళ్ళు కాదు. ముసలిదాని చెవుల్లో రోలుందని నవ్వుకునేవాళ్ళం.

ఆ సాయంత్రమే సిస్టర్ని ఇంటికి తీసుకుపోయా. అమ్మకు ఎనభై నాలుగు. అంతా విని, "ఏమే కోటమ్మా, నా మోకాళ్ళు రావు. నువ్వు పో. పోయినాడా లేదా, అదొక్కటి కనుక్కునిరా. నేను పోయేలోపల నాయన ఇస్తరి సంగతి తేలాల" అంది.

సిస్టర్‌తోనే బయల్దేరా. ఆ పొద్దున కూడా టీవీ చెవులు పగిలేటట్టు మోగుతానే ఉంది. ఏడు దాటితే చాలు, అట్టా పెట్టుద్ది. చెవుడని మిషను కొనిచ్చా, పెట్టుకోదు. పోయొస్తానమ్మా అని అరిచి చెప్పాల్సొచ్చింది.

పోర్ట్ మోర్స్‌బీ

విమానాశ్రయంలో తనిఖీ ఆయన, ఇంతలావు మనిషి, నోరంతా ఎర్రగా పండి ఉంది. నా పెట్టె తెరిచి గోంగూర పచ్చడి తీశాడు, చింతపండు తీశాడు, ఎండుమిరపకాయలు కేజీ తీశాడు. చెట్లకు సంబంధించింది ఏదీ లోపలికి రానివ్వరంట, గింజ మొలుస్తదని భయం. నేను తెలుగులోనే పోట్లాడా. సిస్టర్ నా మోచెయ్యి గిల్లతా ఉంది. చివరికి కల్లుప్పు పొట్లం ఎత్తి చూపించాడు. "సాల్ట్" అన్నా. వేలితో అద్ది నాకి, వెనక్కి ఇచ్చేశాడు. పల్నాటి దాని చేతిలోంచి మిరపకాయ లాక్కుని ఉప్పు వదిలిన మొనగాణ్ణి ఆయన్నే చూశా.

బయట ఎక్కడ చూసినా వక్కలే. పచ్చివక్క ఒక్కోటి ఒక కీనా, మన ఇరవై రూపాయల పైమాట. తమలపాకు వేసుకోరు, దాని కాయను సున్నంలో అద్దుకుని కొరుకుతారు. సున్నం పగడపురాళ్ళు, గవ్వలు కాల్చి చేస్తారంట. మేం సున్నపురాయి కాలుస్తాం, వాళ్ళు సముద్రాన్ని కాలుస్తారు. ఒకటి వేసుకుంటే చెవులు వేడెక్కి తల తిరిగింది. అమ్మిన ఆడమనిషి నవ్వి నాకు సగం చిలగడదుంప చేతిలో పెట్టింది, డబ్బులు తీసుకోలా.

లే

లే అనే ఊళ్ళో యుద్ధంలో పోయినోళ్ళ సిమెట్రీ ఉంది. గడ్డి దువ్వినట్టు కోసి ఉంది. మనవాళ్ళ దిమ్మెలు ఒక పక్కన వరసలు వరసలు. సింగపూరులో దొరికిపోయి, ఓడల్లో ఇక్కడికి చేరి, ఆకలికీ జ్వరానికీ పోయినోళ్ళు. పేరున్న దిమ్మెలన్నీ చూసుకుంటా పోయా, మా తాత పేరు లేదు. పేరు లేనివి చానా ఉన్నయ్యి. ఎండలో ఆ వరసల మధ్య నడుస్తుంటే వెనక ఎవురో అదే నడక నడుస్తున్నట్టు అనిపించింది. తిరిగి చూస్తే నీళ్ళు పెట్టే పైపు, ఎవురూ లేరు.

తోటపని చేసే ఆమె, "పేరు లేనివాటిల్లో ఏదో ఒకటి మీవాళ్ళది అనుకుని పూలు పెట్టిపొండి, వచ్చినోళ్ళు చానామంది అట్టనే చేస్తారు" అంది. మంచి మనసుతోనే అంది. నాకు మాత్రం ఒప్పలా. ఎవురి ఇస్తట్లోనో మా తాతను కూర్చోబెట్టి, అయిపోయిందమ్మా అని ఇంటికి ఎట్టా పోను?

వెవాక్

సిస్టర్ వాళ్ళుండే వెవాక్‌లో సముద్రం అందంగా ఉంటది, కానీ ఎక్కువసేపు చూడబుద్ధి కాదు. ఒడ్డున తుప్పుపట్టిన ఫిరంగి, దాని గొట్టం మీద లంగాలు ఆరేసి ఉన్నయ్యి. లోపలికి పోతే విమానం రెక్క, దాన్ని చీల్చుకుని పెరిగిన చెట్టు. సిస్టర్ ఆస్పత్రి డ్రైవరు అదంతా తన పొలం చూపించినట్టు చూపించాడు.

ఆయన చెప్పిన దాంట్లో నాకర్థమైంది ఇది. జపానోళ్ళు ఈ ఒడ్డున విమానాల మైదానాలు వేశారు, రాళ్ళు మోసింది మనవాళ్ళు. తర్వాత పైనించి బాంబులు పడ్డయ్యి. ఓడలు రావడం ఆగింది, ఓడలతో బియ్యం ఆగింది. ఆస్ట్రేలియా సైన్యం ఒడ్డు వెంట ఒకపక్క, కొండల మీంచి ఒకపక్క నెలల తరబడి నెట్టుకుంటా వచ్చింది. మధ్యన అడవిలో ఇరుక్కున్న జపానోళ్ళే వేళ్ళూ ఆకులూ తిన్నారు. అట్టాంటోళ్ళ దగ్గర ఖైదీగా ఉన్నోడికి ఏం మిగులుద్ది?

ఆ పూట సాగో పెట్టారు. చెట్టు బోదె కొట్టి, పిండి కడిగి, ఉడకేస్తారు. గోధుమరంగు గోందు. నాలుక మీద నిలవదు, గొంతులో దిగదు. ఆకుకూర మాత్రం చూసి ఎగిరి గంతేశా, అచ్చం గోంగూర ఆకు! నోట్లో పెట్టుకుంటే పులుపు లేదు, బెండకాయ జిగురు. ఐబికా అంటారంట. "నేనూ మొదట్లో మోసపోయా అక్కా, ఆ ఆకు చూసి ఏడ్చా కూడా" అంది సిస్టర్.

ఊరు

మంగళవారం పొద్దున ట్రక్కులో బయల్దేరాం. పడమటి ఒడ్డు వెంట పోయి, దాగువా అనే ఊరు దాటాక టైరు పగిలి, గంటసేపు కొబ్బరిచెట్టు కింద కూర్చుని, ఊరు చేరేసరికి మధ్యాహ్నం కావస్తా ఉంది. కర్రల మీద నిలబెట్టిన ఇళ్ళు, కింద పందులు. ఆడవాళ్ళు దుంపలు గీరుతున్నారు, ఒకామె గొడ్డలితో కట్టెలు కొడతా ఉంది.

ఉన్నట్టుండి అందరి చేతులూ ఆగినయ్యి. గొడ్డలి గాల్లోంచి మెల్లగా నేలకు దిగింది. పిల్లలు కూడా నోరు మూసుకున్నారు.

నేను విన్నా. అడవివైపు నించి దబ్, దబ్. తర్వాత రాయిని రాయి మీద తిప్పిన గరగర. మళ్ళీ దబ్, దబ్, గరగర. రెండు పోట్లు, ఒక నూరుడు. మధ్యన మెత్తగా తగిలేది ఏమీ లేదు, ఉత్త రోలు.

"సముద్రం అక్కా. రాళ్ళ బొరియల్లో కొట్టుకుంటది" అంది సిస్టర్ చిన్నగా. ఆమె చెయ్యి మెళ్ళో సిలువ మీదుంది. సముద్రం చూస్తే ఆటు మీదుంది, అల కూడా లేదు.

కాస్సేపటికి ఆగింది. గొడ్డలి లేచింది, దుంపలు గీరడం మొదలైంది, మమ్మల్ని అప్పుడే చూసినట్టు పలకరించారు. ఎంతసేపైందో చూద్దామని ఫోన్ తీశా. దాంట్లో మన ఇండియా టైమే ఉంది, నేను మార్చలా. ఏడూ నలభై. అంటే మొదలైనప్పుడు ఏడున్నర.

నాకు జడ సగంలో ఆగినట్టే అనిపించింది. అక్కడ పట్టపగలు పన్నెండంటే మా ఇంట్లో పొద్దున ఏడున్నర. అక్కడే ఒక ఇంటి మెట్ల మీద కూర్చున్నా.

రాయి

సిస్టర్‌కు రోలు గీసి చూపించిన ముసలాయన పేరు జోసెఫ్. తొంభై దాకా ఉంటయ్యి, కళ్ళు మాత్రం కోడిపుంజు కళ్ళు. ఆయన వాళ్ళ భాషలో చెప్తే సిస్టర్ తెలుగు చేసేది. దాంతో ఆయన మాటంతా మన రెంటచింతల యాసలో వచ్చింది.

"అప్పుడు నేను ఎనిమిదేళ్ళోణ్ణి. మీవాళ్ళు ఆ చెట్ల వెనక పాకలో ఉండేవాళ్ళు. లేవలేనోళ్ళే ఎక్కువ. ఒకాయన ఇనపముక్కతో రాతిని గీకతా, కొడతా ఉండేవోడు, నెలపైనే పట్టింది. రోలయ్యాక మా అమ్మ కావలోళ్ళ కన్నుగప్పి ఆకు పెట్టేది. ఆకున్న రోజు ఆకు నూరేవోడు. లేని రోజు ఉత్తదే నూరేవోడు, సరిగ్గా మధ్యాహ్నం."

"ఉత్తది ఎందుకు?" అన్నా.

"పాకలోనోళ్ళకు వినపడాలని. రోటి చప్పుడైతే అన్నం వండుతున్నారని లేచి కూర్చునేవాళ్ళు. పడుకున్నోడు పడుకున్నట్టే పోతాడు, కూర్చున్నోడు ఇంకో రోజు ఉంటాడు అనేవోడంట."

"లోపల ఏం లేదని వాళ్ళకు తెలవదా?"

"తెలుసు. అయినా లేచి కూర్చునేవాళ్ళు."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలా. మా వైపు ఏ ఇంట్లోనూ ఎవురూ చేయని పని, చేస్తే ఇంటికి అరిష్టమని మా తాతకు చిన్నప్పట్నించి తెలిసిన పని. తెలిసే చేశాడు.

"ఒకరోజు చప్పుడు కాలా. మా అమ్మ పోయి చూస్తే రోటి మీద చెయ్యి వేసి ఉన్నాడు, పోయి ఉన్నాడు. పక్కనే పూడ్చారు. యుద్ధం అయ్యాక తెల్ల సోల్జర్లొచ్చి ఎముకలు తవ్వి తీసుకుపోయారు. తీసుకుపోయిన మర్నాడే చప్పుడు మళ్ళీ మొదలైంది. అది వినపడేటప్పుడు మేం ఏదీ దంచం, కొట్టం. ఇంకో చప్పుడు వింటే తనకు జవాబనుకుని వస్తాడని మా అమ్మ చెప్పింది."

బుధవారం పొద్దున ఆయనే తీసుకుపోయాడు. ఊరి హద్దు దాకా నలుగురు వచ్చి ఆగిపోయారు. లోపల పక్షి అరవదు, ఆకు కదలదు. పెద్ద పగడపురాయి, వెనక నిలువెత్తు గట్టు, ముందు రోలు. ఆకులు పడి ఉంటాయనుకున్నా. ఒక్క ఆకు లేదు, అడుగు నున్నగా ఇప్పుడే కడిగినట్టుంది. పక్కన బండరాయి పడుకుని ఉంది.

ఇంత దూరం పోయినా నాకు ఒక మూల అనుమానమే. వేలమంది మనవాళ్ళలో ఎవురైనా తొలిచి ఉండొచ్చు. రోటి ముందు కూర్చున్నా. వెనక గట్టు, రెండోవైపు కూర్చునే వీల్లేదు. అంచు తడుముకుంటా పోతే కుడిపక్కన నా వేలు గుంటలో పడింది. నిమ్మకాయ పట్టేంత గుంట.

ఉప్పు దొరకని చోట ఉప్పుగుంట ఎవురు తొలుస్తారు? తొలిచినా, కుడిచేతివాటం మనిషి తన కుడిపక్కన ఎందుకు తొలుచుకుంటాడు? ఆ రోలు ఆయన తన కోసం చెయ్యలా. అమ్మమ్మ వచ్చి కూర్చుంటదన్నట్టు చేశాడు.

బేస్తవారం

పోయాడని తెలిసింది. అమ్మ అడిగిన మాట దొరికింది, ఇంటికి రావొచ్చు. కానీ పోయిన మనిషి ఇంకా ఉత్త రోలే దంచుతుంటే వదిలేసి ఎట్టా వస్తాం? బుధవారం సాయంత్రమే జోసెఫ్‌తో చెప్పా, రేపు ఆ వేళకు నేను పచ్చడి నూరతానని. ఊరు ఊరంతా లేచింది. ఒకామె నా చెయ్యి పట్టుకుని అడ్డంగా తల ఊపింది. చప్పుడుకు జవాబిస్తే ఆయన ఊళ్ళోకి వస్తాడని వాళ్ళ భయం. వాళ్ళ భయం వాళ్ళది, తప్పు పట్టలేను.

జోసెఫ్ చానాసేపు వక్క నమిలి, "మనం పరాయోళ్ళం కాబట్టి భయపడాల. ఈమె ఆయన మనిషి. ఆయన వచ్చినా ఈమె దగ్గరికే వస్తాడు" అన్నాడు.

ఐబికా ఆకు వేయించుకున్నా. అక్కడి చిట్టి మిరపకాయలు పది, రెండు నిమ్మకాయలు, నా ఉప్పు పొట్లం. సిస్టర్ గట్టు ఇవతలే జపమాల పట్టుకుని కూర్చుంది. పన్నెండయింది. రోటి దగ్గర ఏ చప్పుడూ లేదు. కీచురాళ్ళు కూడా ఆగిపోయినయ్యి, నా ఊపిరి నాకే పెద్దగా వినపడతా ఉంది.

ఉప్పు గుంటలో పోశా. మిరపకాయలు వేసి బండ కుడిచేత్తో ఎత్తా. ఎప్పట్లాగే ఉప్పు దగ్గర చెయ్యి అడ్డుపడింది. "నీ దుంపతెగ, ఈడకొచ్చినా ఇదే బాధా తాతా" అని అలవాటుకొద్దీ తిట్టేశా. అప్పుడు బండ ఎడమచేతికి మార్చా. అరవై ఏళ్ళలో ఎప్పుడూ చెయ్యలా ఆ పని. రెండు పోట్లు, ఒక నూరుడు. కుడిచెయ్యి దానంతటదే ఉప్పు మీదికి పోయింది. బండ అంచున నున్నగా అరిగిన పల్లం ఉంది, నా బొటనవేలు దాంట్లో కూర్చుంది. ఆ పల్లం వెచ్చగా ఉంది. ఎండ తగలని చోట, రాయి వెచ్చగా ఉంది.

వదల్లా. ఆకు మెత్తనయ్యేదాకా నూరి, అరిటాకులో పెట్టి, "తినవయ్యా, అందరికీ వడ్డించింది చాల్లే" అన్నా. మిగిలిన ఉప్పంతా గుంటలోనే వదిలి లేచా.

ఊరి హద్దులో జనం గుంపుగా నిలబడి ఉన్నారు, ముఖాలు తెల్లబోయి. "రెండు చప్పుళ్ళు విన్నాం" అన్నాడు జోసెఫ్. "మొదట ఎప్పటిది. తర్వాత రెండోది కలిసింది. ఆ రెండూ కలిసి ఆగినయ్యి."

మొదటిది నేను వినలేదని ఆయనకు చెప్పలా.

శుక్రవారం

శుక్రవారం మధ్యాహ్నం ఊరంతా ఇళ్ళ ముందుకొచ్చి నిలబడింది. పన్నెండైంది, పావు దాటింది. ఏమీ లేదు. అలవాటైన చప్పుడు లేకపోతే వాళ్ళకు దిక్కు తోచలా. గొడ్డలి పట్టుకున్నామె ఎత్తాలో దించాలో తెలియక నా వైపు చూసింది. జోసెఫ్ ఒక్కడే, చిన్నపిల్లోడిలాగా ఏడ్చాడు. ఎనభై ఏళ్ళు విన్నాడు గదా మరి.

వెవాక్ వచ్చాక అమ్మకు ఫోన్ చేశా. "ఫోన్లో ఏం చెప్పబాకు, వచ్చి చెప్పు" అని పెట్టేసింది.

మళ్ళీ మాచర్ల

ఇల్లు చేరేసరికి పొద్దున ఏడున్నర అయింది. గేటు తీశా. టీవీ చప్పుడు లేదు. ఆ వేళకు ఆ ఇంట్లో టీవీ మోగకపోవడం నేనెప్పుడూ చూళ్ళా. అమ్మా అమ్మా అని అరుచుకుంటా లోపలికి పరిగెత్తా.

పెరట్లో రోటి ముందు పీటేసుకుని కూర్చుని ఉంది. పక్కన వేయించిన గోంగూర, ఎండుమిరపకాయలు.

"అరుస్తావేందే, నాకేం చెవుడా?" అంది. నేను నోరు తెరవకముందే, "నాయన పోయినాడుగా" అంది.

"నీకెవురు చెప్పారే?"

"బేస్తవారం పొద్దున ఆగిందే."

"ఏంది ఆగింది?"

"రోలు" అంది. "మా అమ్మ పోయిన మర్నాటి నించి నాకు పట్టుకుంది. రోజూ ఈ వేళకే. చెప్తే ముసలిదానికి మల్లే దీనికీ పిచ్చెక్కిందని నవ్వుతారని చెప్పలా. వినలేక ఆ టీవీ పెట్టేదాన్ని. నూరేళ్ళు దాటినయ్యమ్మా, లేడమ్మా అని నువ్వు పోట్లాడేదానివి. చెవుల్లో నూరతా ఉన్నోడికి ఇస్తరి ఎట్టా వెయ్యనే?"

ఆమె పక్కన నేల మీదే కూర్చున్నా.

"బేస్తవారం రెండు రోళ్ళు వినపడ్డయ్యి. రెండోది ఎవురో నూరతంటే, మా అమ్మ చెయ్యి లాగానే ఉంది. ఎవురే అది?"

"నేనే. ఎడమచేత్తో నూరా."

"ఉప్పు వేశావా?"

"వేశా."

"గుంటుందా ఆడ?"

"ఉంది. కుడిపక్క."

అమ్మ అప్పుడు ఏడ్చింది. తండ్రి మొహం చూడని మనిషి, ఎనభై నాలుగేళ్ళకు, తండ్రి పోయినాడని ఏడ్చింది. గాజులతో పంపినందుకు అమ్మమ్మకు ఏ దోషమూ లేదని నేను అంటే, "దోషమేందే, ఆమె మొగుడు రోజూ పిలుస్తానే ఉండె" అంది. కళ్ళు తుడుచుకుని పచ్చడిబండ ఎడమచేతికి తీసుకుంది.

"అమాస్య దాకా ఎందుకు, ఇయ్యాళే వేద్దాం" అంది.

తాతకు తొలి ఇస్తరి ఆ మధ్యాహ్నమే వేశాం. గోంగూర పచ్చట్లో ఉప్పు బాగా ఎక్కువైంది. అమ్మ కావాలనే వేసింది.